మడమ ఆనని కాలు

ఓలేటి మృదుల పేరు వినపడితే వాసంశెట్టి పేర్రాజు ఇప్పటికీ పక్కకి తిరిగి ఉమ్మేస్తాడు. పేరు వెనక అన్నన్ని డిగ్రీలున్న మనిషి, మేక కాళ్ళలో మిడత బలం పెట్టిన మనిషి, ఒక కుర్రాడి చేతికీ ఇంకో కుర్రాడి చేతికీ తేడా పోల్చుకోలేకపోయిందంటే అది చదువా, చట్టుబండలా అని అతని ప్రశ్న. టీకొట్టు దగ్గర అడుగుతాడు, కొబ్బరికాయల లారీ దగ్గర అడుగుతాడు, పెళ్ళి భోజనాల బంతిలో పక్కవాణ్ణి పట్టుకుని అడుగుతాడు. "ఇంకొక్క ఎక్సురే అండి. ఒక్కటంటే ఒక్కటి తీసుంటే మావోడు ఇయ్యాల..." అని అక్కడ ఆపేస్తాడు. వినేవాళ్ళు కూడా ఇక రెట్టించరు. ఆ రెండో కుర్రాణ్ణి ఎక్సురే బల్ల దాకా నడిపించుకెళ్ళింది ఎవరో తణుకు చుట్టుపక్కల అందరికీ తెలుసు.

పేర్రాజు ఏడో తరగతి మధ్యలో బడి మానేసి తండ్రి వెనక తాడిచెట్లెక్కాడు. నడుముకి మోకు బిగించి పొద్దునా సాయంత్రం ఎక్కి దిగిన కాళ్ళు అతనివి. కల్లుకి గిరాకీ పోయాక చెట్టు దిగి, కొబ్బరితోటల్లో కాయ దింపించి లారీలకెత్తించే బేరంలో పడ్డాడు. ఎవడు ఏ చెట్టు ఎంత తొందరగా ఎక్కగలడో పిక్కలు చూసి చెప్పేవాడు. కొడుకు లోవరాజు పిక్కలు చూసినప్పుడల్లా వీడు చెట్టుకి కాదు, ఇంకా పైదేనికో పుట్టాడు అనుకునేవాడు.

ఆ పైది హైస్కూలు వెనకాల సిమెంటు కోర్టులో దొరికింది. బాస్కెట్‌బాల్ కోచి మేడిశెట్టి గాంధీ, లోవరాజు ఆరో తరగతిలో ఉండగా వాడు గోడ మీదున్న బంతి కోసం ఎగరడం చూసి, పేర్రాజుని పిలిపించాడు.

"పేర్రాజూ, నీ కొడుకు కాళ్ళు కాదయ్యా అవి, స్ప్రింగులు. కాపోతే ఈ ఆటలో వయసే పెట్టుబడి. తోటివాళ్ళతో ఆడితే పదిమందిలో ఒకడు. మూడేళ్ళు చిన్నోళ్ళతో ఆడితే ఒకే ఒక్కడు. ఎలాగూ స్కూలు మారతన్నాడు కదా, పుట్టినరోజు కొత్తగా రాయిద్దాం."

"తప్పు కాదంటారా మాస్టారూ?"

"నీ పుట్టినరోజు ఎవరు రాశారు? మీ హెడ్మాస్టారు తోచింది రాశాడు. అది తప్పు కానప్పుడు ఇది ఎలా తప్పవుద్ది?"

పేర్రాజు కాగితాల మీద సంతకం పెట్టాడు. లోవరాజు వయసు కాగితం మీద మూడేళ్ళు తగ్గింది. ఆధారు కూడా అలాగే మారింది.

ఏళ్ళు గడిచాక పదహారేళ్ళ లోపు రాష్ట్ర జట్టులో పేరు వచ్చింది. ఆడించేముందు క్రీడా సంఘం వాళ్ళు మణికట్టుకి ఎక్సురే తీయిస్తారు. ఎదిగే పిల్లల మణికట్టు ఎముక చివర సన్నటి గీత ఒకటి తెరుచుకుని ఉంటుంది. ఎదుగుదల ఆగితే ఆ గీత మూసుకుపోతుంది. కాగితం అబద్ధమాడినా ఎముక అబద్ధమాడదని వాళ్ళ ధీమా. లోవరాజుకి అప్పటికే మీసాలు గట్టిపడ్డాయి, పొడుగు ఆగిపోయింది. పేర్రాజు తన తమ్ముడి కొడుకు పండుకి గోలీసోడా కొనిపెట్టి, మూతికి గుడ్డ కట్టించి, లోవరాజు పేరుతో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఎక్సురే తీసేవాడు గాంధీ మాస్టారి దగ్గర ఒకప్పుడు ఆడినవాడే. పండు ఎముక శుభ్రంగా తెరుచుకుని ఉంది. సంఘం ముద్ర పడింది.

ఇంతవరకూ ఊళ్ళో ఎవరూ చెయ్యనిది పేర్రాజు ఏమీ చెయ్యలేదు.

*

ఆ తరవాత ఏడాది, డబ్బులిచ్చి ఆటగాళ్ళని ఆడించే లీగువాళ్ళు ఆటని మార్చేశారు. బంతిని దూరం నించి వెయ్యడం చూసి జనానికి విసుగెత్తింది. మనిషి గాల్లోకి లేచి, బంతిని పైనించి రింగులోకి కుక్కితే, అదే డంకు, ఇక మీదట నాలుగు పాయింట్లన్నారు. ఆ దెబ్బతో పొట్టివాళ్ళ పని అయిపోయింది. లోవరాజు ఎగిరితే వేళ్ళు రింగు ఇనుముకి తగిలేవి. బంతితో ఎగిరితే బెత్తెడు తక్కువయ్యేది. ఆ బెత్తెడు కోసం వాడు చెయ్యని పని లేదు. ఇసకలో ఉరికాడు, భుజాన కాయల బస్తా వేసుకుని గొంతుకూర్చుని లేచాడు, కోర్టులో సున్నం గీత మీద నించి ఎగిరి ఎగిరి పాదాలు వాచి ఇంటికి వచ్చేవాడు. గోడ మీద సుద్దముక్కతో పెట్టుకున్న గుర్తు మాత్రం ఒక్క వేలు మందం కూడా పైకి జరగలేదు.

"కొలతలో పుట్టింది కొలతలోనే ఉంటదిరా," అంది తల్లి మంగతాయారు, వాడి పాదాలకి వేడినీళ్ళ కాపడం పెడుతూ. "మీ నాన్న పిచ్చి నీకు పట్టింది."

భీమిలి అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ప్రయోగశాల సంగతి మోసుకొచ్చింది గాంధీ మాస్టారే. అక్కడ డాక్టర్ ఓలేటి మృదుల అనే ఆవిడ ఎదిగే వయసు ఆటగాళ్ళ మీద కొత్త మందు పరీక్షిస్తోందనీ, తల్లిదండ్రుల సంతకం, సంఘం ముద్ర ఉన్న ఎక్సురే ఉంటే చాలుననీ చెప్పాడు.

మృదుల నలభై దాటిన మనిషి. కాళ్ళకి రబ్బరు చెప్పులు, జుట్టుకి క్లిప్పు బదులు పెన్సిలు. తండ్రీ కొడుకుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పకుండా తిన్నగా వెనక దొడ్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక మేకపిల్ల నిలబడి ఆకు నములుతోంది. ఆవిడ నిలువెత్తు గోడ మీద అవిసె రెమ్మ పెట్టింది. మేకపిల్ల పరిగెత్తలేదు, వెనక్కి తగ్గలేదు. ఉన్నచోట కొంచెం కుంగి, గోడ మీద ఉంది. మధ్యలో ఏం జరిగిందో పేర్రాజు కంటికి ఆనలేదు.

"మిడత కాలి కీలులో ఒక పోగు ఉంటుందండీ," అంది మృదుల. "ఎంత లాగితే అంతా తిరిగిచ్చేస్తుంది, ఏమీ దాచుకోదు. మన మడమ పైన ఉండే స్నాయువు, మీరు నరం అంటారు, అది అలా ఇవ్వదు, మధ్యలో కొంత మింగేస్తుంది. ఆ మిడత పోగుని అల్లే కణాల్ని మేం సూదితో నరంలో వదులుతాం. అవి అక్కడే కూర్చుని అల్లుకుంటూ పోతాయి."

"ఎంతవరకూ అల్లుతాయండీ?" అని అడిగాడు లోవరాజు.

"అదే అడగాలి. రా."

దొడ్డి చివర రేకుల పాక ఉంది. అందులో పెద్ద మేక ఒకటి, పొట్ట కింద గోనెపట్టా వేసి దూలానికి ఉయ్యాలలా వేలాడదీసి ఉంది. నాలుగు కాళ్ళూ కర్రల్లా నిటారుగా నేలకేసి చాచుకున్నాయి. వంగడం లేదు. తోలు కింద నరాలు బిగించిన మోకుల్లా తేలి కనపడుతున్నాయి. మేక అరవడం లేదు, వాళ్ళకేసి చూసి మళ్ళీ గోడకేసి తిరిగింది.

"దీనికి పడుకోవడం రాదు. మేం కట్టకపోతే నిలబడే చచ్చిపోయేది," అంది మృదుల. "ఎదుగుదల ఆగేటప్పుడు ఒంట్లో ఒక సంకేతం వస్తుందండీ, ఎముకలు మూసుకోమని. మా కణాలు అది విని ఆగిపోతాయి. దీనికి ఎదుగుదల ఆగాక ఎక్కించాం. సంకేతం అప్పటికే వచ్చి వెళ్ళిపోయింది. ఇక ఇవి ఎప్పటికీ ఆగవు. ఆ తప్పు మాదే. అందుకే ఎముక తెరుచుకుని ఉన్న పిల్లలకి తప్ప ఎవరికీ వెయ్యం."

పేర్రాజు మేక కాళ్ళకేసే చూస్తూ ఉండిపోయాడు. లోవరాజు తండ్రికేసి చూశాడు.

"ఎక్సురే ఉంది కదండీ," అన్నాడు పేర్రాజు.

మృదుల ఆ ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "గీత చక్కగా తెరుచుకుని ఉంది. ఇంకా చాలా ఎదుగుతాడు మీవాడు. మళ్ళీ తియ్యమంటారా?"

"మీ ఇష్టమండి."

"వద్దులెండి. సంఘం ముద్ర ఉందిగా. పిల్లల్ని ఊరికే కిరణాల కింద పెట్టడం నాకిష్టం ఉండదు."

ఈ మాటే పేర్రాజు ఇప్పటికీ టీకొట్ల దగ్గర వల్లిస్తూ ఉంటాడు. వద్దులెండి అన్నదిట. ఆవిడే అన్నదిట.

బయట ఒడ్డున కాల్చిన మొక్కజొన్న కండె కొనిస్తే లోవరాజు తినకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నా, ఆ మేక..."

"మేకకీ నీకూ సాపత్యమేంట్రా?"

"నాకు పద్దెనిమిది నిండాయి."

"కాయితం మీద పదిహేను."

"ఒంటికి కాయితం చదవడం వచ్చేంటి?"

పేర్రాజుకి కోపం వచ్చింది. "సంకేతం అంట, వచ్చెళ్ళిపోద్దంట. మన ఒంట్లోకి దూరి చూసొచ్చిందా? నాకు పెళ్ళయ్యాక కూడా వేలెడు పెరిగానని మీ నాయనమ్మ చెప్పేది. చెప్పేద్దామంటావా? పద, లోపలికెళ్ళి ఇద్దరం చెప్పేద్దాం. మాస్టారు జైలుకెళ్తారు, నేను ఆయన ఎనకాల ఎళ్తాను, నువ్వు రేపట్నించి కాయలెత్తు. నీకు రింగు అందాలా, వద్దా?"

లోవరాజు మొక్కజొన్న కండె తిరిగి తండ్రి చేతిలో పెట్టాడు.

"అందాలి," అన్నాడు.

*

సూదులు మడమల పైనా, మోకాళ్ళ కిందా వేశారు. మొదటి వారాల్లో వాపు తప్ప ఏమీ లేదు. గాంధీ మాస్టారు రోజూ సుద్దముక్క పట్టుకుని గోడ దగ్గర నిలబడేవాడు. ఒక సాయంత్రం లోవరాజు మామూలుగా ఎగిరి, గుర్తు దగ్గర కాదు, దానికి జానెడు పైన అరచెయ్యి ఆనించాడు. దిగి, తన చేతిని తనే తిప్పి చూసుకున్నాడు.

"బంతివ్వండి మాస్టారూ," అన్నాడు.

బంతి రెండు చేతులా పట్టుకుని రెండడుగులు వేశాడు. కోర్టు గట్టు మీద కూర్చున్న పేర్రాజుకి కొడుకు మోకాళ్ళు గాంధీ మాస్టారి భుజాలంత ఎత్తులో కనపడ్డాయి. బంతి పైనించి రింగులో పడి వల చీల్చుకుని కిందికొచ్చింది. ఇనుము చాలాసేపు మోగుతూ ఉంది. ఆడపిల్లల హాస్టలు కిటికీల్లోంచి ఎవరో ఈల వేశారు. పేర్రాజు తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరూ చూడకుండా కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అతని జీవితంలో అంతకుమించిన రోజు లేదు. అబద్ధం చెప్పడమెందుకు, ఆ తరవాతా రాలేదు.

ఆ నెలల్లో వాళ్ళింటికి రాకపోకలు పెరిగాయి. పక్క జిల్లాల కోచిలు వచ్చి వరండాలో కూర్చునేవారు. "పేర్రాజు గారూ" అనడం మొదలెట్టారు. కాయల వ్యాపారులు బేరమాడేటప్పుడు కూడా కొడుకు కబుర్లడిగి, తర్వాతే రేటు తగ్గించేవారు.

తేడా ముందు కనిపెట్టింది మంగతాయారు. లోవరాజు నూతి దగ్గర స్నానం చేసి గచ్చు మీద నడిచి లోపలికెళ్ళాడు. వెనకాలే గుడ్డతో తడి తుడుస్తూ వచ్చినావిడ చెయ్యి ఆగిపోయింది. గచ్చు మీద తడి అడుగులు వరసగా ఉన్నాయి. వేళ్ళున్నాయి, ముందు పాదం ఉంది. మడమలు లేవు.

"ఏవయ్యా, ఇటు రా. చూడు."

పేర్రాజు వచ్చి చూశాడు. "తొందరగా నడిచుంటాడు."

"వారం నించీ చూత్తన్నాను. అన్నానికి కింద కూకోడం లేదు. మంచం మీద కంచం పెట్టుకుంటన్నాడు. ఏంరా అంటే కాళ్ళు మడవడం లేదమ్మా అన్నాడు. ఆ మేక సంగతి చెప్పాడు నాకు."

"ఎవరికీ చెప్పమాకు."

"ఎవరికి చెప్తాను? నీకే చెప్తన్నాను."

ప్రయోగశాలకి తీసుకెళ్తే మృదుల లోవరాజుని గోడకి ఆనించి నిలబెట్టి, మడమ కింద అట్టముక్క దూర్చి చూసింది. ఆవిడ మొహంలో నవ్వు తగ్గింది కానీ కంగారు రాలేదు.

"కొంచెం ఎక్కువ అల్లుతున్నాయి. ఎదిగే వయసు కదా, కొంతమందికి ఇలా అవుతుంది. ఎముకలు మూసుకునే సంకేతం రాగానే ఆగిపోతుంది. ఇంకో ఏడాది, ఏడాదిన్నర. అప్పటిదాకా ఆట తగ్గించు. ఓపిక పట్టాలి పేర్రాజు గారూ."

ఓపిక పట్టాలిట. రాని బస్సు కోసం స్టాండులో కూర్చోమన్నట్టుంది పేర్రాజుకి. బస్సు వచ్చి వెళ్ళిపోయిందని ఆ గదిలో తెలిసింది ఇద్దరికే. లోవరాజు నోరు తెరిచాడు. పేర్రాజు వాడి మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ఇంకో నెలలో లీగు ఎంపికలు.

"అలాగేనండి. పడతాం," అన్నాడు.

ఆ నెల పేర్రాజు తనకి తెలిసిన వైద్యమంతా చేశాడు. కొబ్బరినూనెలో కర్పూరం కాచి పిక్కలకి రాశాడు. కొడుకుని బోర్లా పడుకోబెట్టి మడమల మీద ఇసక బస్తాలు పెట్టాడు. బస్తా తీసిన మరుక్షణం మడమలు పైకి లేచేవి, నీళ్ళలో నొక్కిపట్టిన ఎండు టెంకాయ వదలగానే లేచినట్టు. తాడిచెట్ల మీద మనుషుల్ని మోసిన మోకుని అతను ఎన్నోసార్లు ముడేసి, విప్పి చూసుకున్నవాడే. బిగిసిన తాడు ఏం చేస్తుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. తాడు గట్టిదైతే కట్టిన కొయ్య పోతుంది.

"సెలక్షన్ అయ్యేదాకా లాగరా," అన్నాడు గాంధీ మాస్టారు. "సంతకం పడ్డాక చెన్నైలో పెద్ద డాక్టర్లుంటారు. లీగువాళ్ళే చూసుకుంటారు."

*

ఎంపికల్లో లోవరాజు ఆట చూసిన వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేల మీద ఉన్నంతసేపూ వాడికి బాధ. గాల్లో ఉన్నప్పుడే మొహం తేటగా ఉండేది. లీగు జట్టులో పేరు వచ్చింది.

ఊళ్ళోవాళ్ళు సన్మానం పెట్టారు. హైస్కూలు ముందు ట్రాక్టరు తొట్టి నిలిపి, పట్టా పరిచి, అదే వేదికన్నారు. సర్పంచి మాట్లాడాడు, గాంధీ మాస్టారు మాట్లాడాడు. దండ వేసి, శాలువా కప్పి, లోవరాజుని మధ్యలో నిలబెట్టారు. వాడు నిలబడలేడు. మడమలు లేచిన మనిషి ఒక్కచోట ఆగలేడు, సన్నగా పైకీ కిందికీ ఊగుతూనే ఉండాలి. తొట్టి మీద దండతో సహా వాడు అలా ఊగుతుంటే జనం నవ్వారు.

"కుర్రోడికి సంబరం ఆగట్లేదు," అన్నాడు సర్పంచి మైకులో.

"ఒక్కసారి ఎగరరా లోవా," అని ఎవడో అరిచాడు. మిగతావాళ్ళు అందుకున్నారు.

వాడు ఎగరలేదు. తండ్రికేసి చూసి, ఇక చాలన్నట్టు తల ఊపి, తొట్టి దిగడానికి కాలు కింద పెట్టాడు. తొట్టికీ నేలకీ నడుమంత ఎత్తు. కాలు నేలకి తగలగానే పచ్చి మట్ట విరిచినట్టు చప్పుడు వినపడింది. మైకు కూడా పట్టుకుంది ఆ చప్పుడు. లోవరాజు అరవలేదు. కూర్చోబోయి, కూర్చోవడం రాక, పక్కకి పడ్డాడు. మంగతాయారు అందరికంటే ముందు అక్కడికి చేరింది. కుడి మడమ ఎముక దాని చోట లేదు. తోలు లోపలే పైకి జరిగి, పిక్క కింద కూర్చుంది. నరం తెగలేదు. నరానికి ఏమీ కాలేదు.

విశాఖ ఆస్పత్రికి మృదుల తనే వచ్చింది. జుట్టులో పెన్సిలు లేదు. మంచం పక్క కుర్చీ లాక్కుని, పేర్రాజుతో నెమ్మదిగా మాట్లాడింది.

"ఇక సంకేతం కోసం ఆగలేం. ఎడమ కాలు కూడా ఇదే దారిలో ఉంది. నేను ఒక పని చెయ్యగలను. మందుతో ఆ సంకేతం ఇప్పుడే తెప్పిస్తాను. ఎముకలు ముందే మూసుకుపోతాయి, వాడిక పొడుగు పెరగడు. కానీ కణాలు ఆగిపోతాయి. మూడు నెలల మందు. మీరు సంతకం చెయ్యాలి."

పేర్రాజు పెన్ను తీసుకున్నాడు. ఆ మందు వల్ల ఏమీ కాదని అతనికి తెలుసు. మూసుకున్న తలుపుని మళ్ళీ మూయమంటోంది ఆవిడ. ఈ మూడు నెలల్లో ఎడమ కాలి ఎముక కూడా ఊడొస్తుంది. అదీ తెలుసు. అయినా సంతకం పెట్టే చోటు వెతుకుతున్నాడు. లీగు ఒప్పందం ఇంకా చింపలేదు వాళ్ళు. గాయం మానితే రమ్మన్నారు.

"మావోడికి పంతొమ్మిది మేడంగారూ," అంది మంగతాయారు.

"నువ్వు నోరుముయ్యవే."

"వరి కోతలప్పుడు గాలివాన కొట్టి పనలన్నీ నీళ్ళల్లో పడ్డ యేడు పుట్టాడు. నేను పురుడు పోసుకుంటే ఈయన పనలు ఏరడానికి పోయాడు. ఊళ్ళో ఎవర్నడిగినా ఏ యేడో చెప్తారు. ఎక్సురేలో చెయ్యి మా మరిది కొడుకుది."

మృదుల కళ్ళు లోవరాజు మీదికి వెళ్ళాయి. వాడు తల ఊపాడు.

పావుగంటలో ఎక్సురే తీశారు, ఈసారి వాడి చేతికే. మృదుల ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసింది. గీత లేదు. గట్టి ఎముక, తెల్లగా, ఎప్పుడో మూసుకుపోయి.

"ఆ పాకలో మేక గుర్తుందా పేర్రాజు గారూ?"

"ఉందండి."

ఆవిడ తిట్టి ఉంటే పేర్రాజుకి కొంత తేలికగా ఉండేది. తన మీద పడి ఏడ్చినా బాగుండేది. ఆవిడ ఫిల్ము కవరులో పెట్టి, దాని మీద పేరూ తేదీ రాసింది. తేదీ తప్పు పడితే కొట్టేసి ఇంకోసారి రాసింది.

"మళ్ళీ తియ్యనా అని మిమ్మల్ని అడిగాను. మిమ్మల్ని అడక్కూడదు. నేను తియ్యాల్సింది," అంది గుమ్మం దగ్గర ఆగి.

ఆ వాక్యమొకటి పట్టుకుని పేర్రాజు బతుకుతున్నాడు. తప్పు ఒప్పుకున్నదిట.

*

మిగిలిన దారి ఒక్కటే. మిడత పోగు పట్టిన నరాన్ని రెండు కాళ్ళలోనూ పూర్తిగా తీసేసి, ఒంట్లో వేరే చోటి నించి నరం తెచ్చి కుట్టాలి. నడవగలడు, ఎగరలేడు. ఎడమ కాలికి ఎముక ఊడకముందే చెయ్యాలి. కుడి మడమ అతకాలన్నా ఆలస్యం పనికిరాదు. ప్రయోగంలో దెబ్బ తగిలితే ఖర్చంతా బీమా కంపెనీదే. కానీ తప్పుడు వివరాలిచ్చిన వాళ్ళకి వర్తించదని సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. ప్రయోగశాలకి ప్రభుత్వం తాళం వేసింది. మృదులని విచారణకి పిలిచారు. గాంధీ మాస్టారు ఫోను ఎత్తడం మానేశాడు. ఒప్పందం రద్దని రెండు ముక్కలు రాసిన లీగువాళ్ళ ఉత్తరం వచ్చింది.

పేర్రాజు దగ్గర అమ్మడానికి ఉన్నది పొలమే. అది అతని పేరున లేదు. తాగి తగలేస్తాడేమోనని తండ్రి, చనిపోయేముందు, మనవడి పేర రాసిపోయాడు. కొనేవాడు దొరికాడు. పక్క చేను సలాది భద్రం. కాగితాలు పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళారు. గుమస్తా ఆధారు చూసి తిరిగిచ్చేశాడు.

"కుర్రాడు మైనరండీ. పదహారేళ్ళు. మైనరు ఆస్తి అమ్మాలంటే జిల్లా కోర్టు అనుమతి తెచ్చుకోండి."

"మైనరు కాడండి బాబూ. పంతొమ్మిది వాడికి."

"ఆధారు పదహారంటోంది."

"అది నేనే తప్పు రాయించానండి."

గుమస్తా అతన్ని పైనించి కిందికి చూశాడు. "అయితే సరిచేయించుకు రండి."

స్కూల్లో అడిగితే రికార్డు సరిగ్గానే ఉందన్నారు. ఆధారు దగ్గర అడిగితే స్కూలు కాగితం తెమ్మన్నారు. కోర్టులో అడిగితే తారీకు ఇచ్చారు. పేర్రాజు ఒక మెట్టు దిగి ఇంకో మెట్టెక్కుతూ ఉంటే, ఆస్పత్రిలో లోవరాజు ఎడమ కాలు కట్టుపట్టీలని లాగి లాగి వదులు చేసుకుంటోంది. నర్సులు రోజుకి రెండుసార్లు మళ్ళీ బిగించేవారు.

భద్రం వరండాలో కూర్చుని చుట్ట కాల్చుకుంటూ చెప్పాడు. "కాయితం మీద నీ కొడుక్కి పద్దెనిమిది నిండేదాకా నాకు రిజిస్ట్రేషన్ అవ్వదు. అందాకా ఉత్త నోటిమాట మీద నా డబ్బు నీ దగ్గరుంటది. ఆ రిస్కుకి సగం రేటే ఇయ్యగలను బావా. నీకిష్టమైతేనే. బలవంతం లేదు."

"సగమంటే ఒక కాలికే సరిపోద్ది భద్రం."

"అది నాకు తెలీదు మరి."

ఒక కాలికే సరిపోయింది. ఎడమది చేశారు. కుడి మడమ అతికే రోజులు దాటిపోయాక మోకాలి కింద నించి తీసేశారు. తీసిన కాలిని చూస్తారా అని అడిగారు. మంగతాయారు చూస్తానంది. బల్ల మీద పెట్టిన ఆ కాలు అప్పటికీ చిన్నగా కుంచించుకుంటూ, సాగుతూ ఉందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పేర్రాజుకి మాత్రం చెప్పింది.

రెండేళ్ళకి లోవరాజు కాగితం మీద పెద్దవాడయ్యాడు. ఒంట్లో ఇరవై ఒకటి నిండిన మనిషి, భద్రానికి పొలం రాసివ్వడానికి కర్రల మీద రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కుతుంటే పేర్రాజు వెనకాల చేతులు చాచి నడిచాడు. వాడు పట్టుకోనివ్వలేదు.

"ఆ ఓలేటి మృదుల ఉందే," అని మొదలెట్టాడు పేర్రాజు, బల్ల దగ్గర వంతు కోసం నిలబడి. "ఆవిడగాని ఆ రోజు..."

"ఆవిడ అడిగింది నాన్నా," అన్నాడు లోవరాజు. గొంతు పెంచలేదు. "మళ్ళీ తియ్యనా అని అడిగింది. నువ్వేమన్నావో నేనక్కడే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. ఇంక ఆ పేరు నా దగ్గర ఎత్తకు."

పేర్రాజు తువ్వాలు సవరించుకున్నాడు. భద్రం సీలింగు ఫ్యానుకేసి చూశాడు. గుమస్తా లోవరాజుని పిలిచి, వేలిముద్ర తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. లోవరాజు కర్ర చంకలో ఇరికించుకుని, ఒంటికాలి మీద ఊగకుండా నిలబడి, నిదానంగా సంతకం పెట్టాడు. గుమస్తా దస్తావేజు తనవైపు తిప్పుకుని చదవడం మొదలెట్టాడు. తూర్పు సలాది భద్రం గారి చేను, దక్షిణం పంటబోదె, పడమర పుంత బాట, ఉత్తరం వాసంశెట్టి వారి తాడిచెట్ల గట్టు. ఈ నాలుగు హద్దుల మధ్య, వాసంశెట్టి లోవరాజుకి ఇక హక్కు లేని భూమి, ఎకరం ముప్ఫై ఏడు సెంట్లు.